కత్తికి వేలు పోసి తోలు దగ్గర పిసినారితనమా?

మంగలికత్తితో గడ్డం గీసుకునే కుర్రాళ్లు ఈమధ్య మనవాళ్లలో బాగానే కనిపిస్తున్నారు. చాలా సంతోషం. కానీ వాళ్లు డబ్బు ఖర్చుపెట్టే తీరు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతోంది. కత్తికి వేలు పోస్తారు. జపాన్ రాయి, బెల్జియం రాయి అంటూ సానరాళ్లకి అంతకన్నా ఎక్కువ పోస్తారు. కత్తిని లాగి వాదర సరిచేసుకునే తోలుపట్టీ దగ్గరికొచ్చేసరికి ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా చవకది ఏదో ఒకటి తెప్పించేసుకుంటారు. కొన్నాళ్లు తిరక్కుండానే "అన్నా, కత్తి లాగుతోంది, చెంప మండుతోంది, రాయి మార్చాలా?" అని మెసేజ్. మార్చాల్సింది రాయి కాదు తమ్ముడూ, తోలు!

సానరాయి అవసరం ఎప్పుడో నెలలకోసారి. తోలు అవసరం గీసుకునే ప్రతిసారీ. కత్తి వాదర ఎంత పల్చనిదంటే ఒక్క గడ్డంతోనే అక్కడక్కడా ఒరుగుతుంది, పైగా నీటిచెమ్మ అంటుకుని ఉంటుంది. ఆ అంచుని సరిచేసి, తుడిచి, మళ్లీ చర్మం మీద మెత్తగా నడిచేలా చేసేది తోలే. పాత సెలూన్లలో కుర్చీకో గోడ మేకుకో వేలాడుతుండే పట్టీ గుర్తున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎయిడ్స్ భయం మొదలయ్యాక షాపుల్లోకి సగం బ్లేడు పెట్టే కత్తులొచ్చాయి. పదిమందికి ఒకే కత్తి వాడే చోట ఆ మార్పు రావాల్సిందే, వచ్చింది, మంచిదైంది. కానీ దాంతో పాటు ఆ పట్టీ, దాన్ని వాడే చేతివాటం కూడా మన కళ్ల ముందునుంచి పోయాయి. ఇప్పుడు ఇంట్లో తన కత్తి తనే వాడుకునేవాడికి చూసి నేర్చుకునే చోటే లేదు.

అందుకే ఖచ్చితంగా చెబుతున్నా: పట్టీ కొనకండి, చేసుకోండి. అదీ కింద మ్యాగ్నెట్లు పెట్టిన చెక్కబోర్డు, పైన దానికి అంటుకునే ఇనుప రేకు పలకలు, వాటిమీద తోలో గుడ్డో అతికించి, మార్చుకునేలా చేసుకోండి. ఇది సోకు కోసం చేసే పని కాదు.

గీసుకునేవాడికి ఒక్క తోలు చాలదు. ముందు గుడ్డ, తర్వాత శుభ్రమైన తోలు. పదును కాస్త తగ్గినప్పుడు ఆకుపచ్చ పేస్టు, అంటే క్రోమియం ఆక్సైడ్, రాసిన ఇంకో పలక. ఆ పేస్టు రేణువు సుమారు అర మైక్రాన్ ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, దాని పక్కన ఇదెంతో చూడండి. అయినా సరే, ఆ రేణువు శుభ్రమైన తోలు మీదికి చేరిందంటే అది ఇక శుభ్రమైన తోలు కాదు, పాలగిన్నెలో మజ్జిగ చుక్క పడ్డట్టే. అప్పటినుంచి రోజూ వాడే తోలు రోజూ వాదరని కొంచెం కొంచెం అరగదీస్తూ గుండ్రం చేసేస్తుంది. ఎందుకలా అవుతోందో మీకు అంతుబట్టదు.

"ఒక చెక్కదిమ్మకి నాలుగు పక్కలా నాలుగు అతికిస్తే సరిపోదా?" అంటారు కొందరు. సరిపోదు. మీరు ఒక పక్క వాడుతున్నప్పుడు కింది పక్క బల్ల మీద దుమ్ములో ఉంటుంది. పేస్టు పక్కని పట్టుకున్న వేళ్లతోనే తోలు పక్కని పట్టుకుంటారు. ఒక పక్క తోలు తెగితే దాన్ని పీకడానికి మొత్తం దిమ్మని పాడుచేస్తారు. అదే విడి పలకలైతే పాడైనదాన్ని తీసి పక్కన పడేసి ఇంకోటి చేసుకోవచ్చు.

ఇక చేసే విధానం. బాగా ఆరిన టేకు చెక్క ఒకటి తీసుకోండి. పచ్చి చెక్క అయితే వర్షాకాలంలో మెలిదిరుగుతుంది. పొడవు 12 అంగుళాలు, వెడల్పు 3 అంగుళాలు. 3 ఎందుకంటే మామూలు కత్తి వాదర ఇంచుమించు అంతే ఉంటుంది, మొత్తం ఒకేసారి ఆనుతుంది. 2 అంగుళాలదైతే ప్రతిసారీ ఏటవాలుగా లాగాలి, కొత్తవాడి చేతికి అది కుదరదు. పైముఖం చదునుగా ఉందో లేదో స్టీలు స్కేలు నిలబెట్టి, వెనకనుంచి లైటు వేసి చూడండి. కిందనుంచి వెలుగు కనిపించకూడదు. ఈ చదును విషయంలో నేను రాజీపడను. వేలాడే పట్టీని వదులుగా పట్టుకుంటే మధ్యలో జారుతుంది, జారినచోట వాదర గుండ్రమవుతుంది. చెక్కబోర్డుకి ఆ బాధ లేదు.

చెక్కలో గుంతలు తీసి నియోడిమియం మ్యాగ్నెట్లు, 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లలు, ఆరల్డైట్ జిగురుతో కూర్చోబెట్టండి. ఫ్రిజ్ మీద అంటించే రబ్బరు మ్యాగ్నెట్ షీటు వద్దు, పట్టు చాలదు, మెత్తగా కూడా ఉంటుంది. పక్కపక్క బిళ్లలు ఒకటి ఉత్తరం పైకి, ఒకటి దక్షిణం పైకి వచ్చేలా పెట్టాలి. అప్పుడు అయస్కాంత క్షేత్రం ఒక బిళ్లనుంచి ఇనుప రేకులోకి వెళ్లి పక్క బిళ్లలోకి దిగిపోతుంది, తోలు దాకా రావడం తగ్గుతుంది. మ్యాగ్నెట్లు బోర్డులోనే ఉండాలని, పలకల్లో ఉండకూడదని నేను పట్టుబట్టేది అందుకే. పలక వెనక ఇనుప రేకు ఒక్కటే ఉండాలి. జి.ఐ. షీటు, అంటే జింకు పూత వేసిన రేకు, మంచిది, తుప్పు పట్టి తోలుకి మరక అంటదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట అడిగితే కోసిస్తారు. మందం 1 మిల్లీమీటరుకి తగ్గకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలే కావాలంటే 430 రకం అడగండి. వంటగిన్నెలకి వాడే 304 మ్యాగ్నెట్‌కి సరిగా అంటుకోదు, అల్యూమినియం అసలే అంటుకోదు.

దీనిమీద వచ్చే అభ్యంతరాల్లో నాకు న్యాయంగా అనిపించేది ఒక్కటే ఉంది: "మ్యాగ్నెట్ కత్తిని కిందికి లాగదా? ఇనుప రజను తోలు మీద నిలవదా?" రేకు పల్చగా ఉంటే రెండూ జరుగుతాయి. కత్తి బరువు తప్ప ఇంకే ఒత్తిడీ పడకూడని చోట అది పెద్ద తప్పే. అందుకే పలక బిగించాక తోలు మీద ఒక గుండుసూది పెట్టి, బోర్డుని మెల్లగా వంచండి. సూది జారి కిందపడితే మీ పని బాగున్నట్టు. తోలుని కరుచుకుని ఉండిపోతే రేకు 1.5 మిల్లీమీటర్లకి మార్చండి, లేదా బిళ్లల్ని ఇంకాస్త లోతుకి దించండి. ఈ సూది పరీక్ష చేయకుండా మాత్రం కత్తి ఆనించకండి.

ఇంకో సంగతి. మ్యాగ్నెట్ పైకి లాగితే ఊడిరాదు గానీ పక్కకి తోస్తే ఇట్టే జారుతుంది. మనం కత్తి లాగేది పక్కకే కదా. కాబట్టి బోర్డు రెండు చివర్లా రేకంత ఎత్తులో సన్నటి చెక్క అంచులు కొట్టించాలి, పలక వాటి మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. అంచు తోలుకన్నా పైకి రాకూడదు, వస్తే వాదర తగులుతుంది.

తోలు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు కావాలి, 3 మిల్లీమీటర్ల మందం, గట్టిగా, సాగకుండా ఉండేది. ఒకప్పుడు మన ఊళ్లలో లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే గుంతల్లో, తంగేడు బెరడు వేసి తోళ్లు శుద్ధి చేసేవాళ్లు. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పమని గర్వంగా చెప్పుకునే తంగేడే అది. ఆ పనితనం తెలిసిన చేతుల్ని ఊరు ఏనాడూ గౌరవించలేదు, ఆ సిగ్గు మనదే. ఇప్పుడు బజార్లో బ్యాగులకీ చెప్పులకీ దొరికేది ఎక్కువగా క్రోమ్ తోలు, అంటే బెరడుతో కాకుండా క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. మెత్తగా సాగుతుంది, బోర్డు మీద నాకు నచ్చదు. తోలు పేరుతో పొర చీల్చి పైన రంగు పూసినదీ అమ్ముతున్నారు. అంచు కోసి చూడండి, పైన ప్లాస్టిక్ పొర కనిపిస్తే వదిలేయండి.

తోలుని రేకుకి అతికించడానికి మామూలు తెల్ల ఫెవికాల్ పనికిరాదు. ఫెవికాల్‌లోనే ఎస్.ఆర్. రకం రెండు వైపులా పల్చగా పూసి, చేతికి అంటుకోనంత ఆరాక, ఒక చివరనుంచి గాలి బుడగ లేకుండా నొక్కుకుంటూ రావాలి. గుడ్డ పలకకి గట్టి కాటన్ కాన్వాస్ చాలు. పేస్టు పలకకి బాల్సా అనే తేలికపాటి చెక్క ఇంకా మంచిది, తోలులా అణగదు. పలకల వెనక పేర్లు రాసి, పేస్టు పలకని వేరే కవర్లో ఉంచండి. దానిమీద లాగిన కత్తిని తుడవకుండా తోలు మీదికి తేవద్దు.

లాగేటప్పుడు వెన్ను, వాదర రెండూ ఆనాలి, వెన్ను ముందు నడవాలి. చివరికొచ్చాక వెన్ను మీదే తిప్పాలి. గుడ్డ మీద ఒక 20 సార్లు, తోలు మీద ఒక 50 సార్లు లాగితే చాలు. పేస్టు పలక మీద పది మించొద్దు, అదీ కత్తి అడిగినప్పుడే. కోస్తాలో ఉండేవాళ్లు వానాకాలంలో తోలు పలకని బీరువాలో మూసిపెట్టకండి, బూజు పడుతుంది.

మిగిలిపోయిన మ్యాగ్నెట్ బిళ్లల్ని టేబుల్ మీద వదలకండి. చిన్నపిల్లలు రెండు మింగితే పేగు మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని రంధ్రం చేసేస్తాయి, ఆపరేషన్ దాకా పోతుంది. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లుంటే వాళ్లకి దూరంగా పెట్టండి. బోర్డు చేస్తూ ఎక్కడైనా ఆగిపోతే కామెంట్‌లో ఫోటో పెట్టండి, ఎంత రాత్రయినా జవాబిస్తా.