నలగని నిమ్మకాయలు

అంబాసిడర్ వెనక యాక్సిల్ ఎంత పవరు తట్టుకుంటుందని మా బాబాయిని మాత్రం అడక్కండి. ఆయన నోటితో చెప్పి ఊరుకునే రకం కాదు, చేసి చూపిస్తాడు.

బండి మార్క్-3. తాతయ్య కొన్నది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజినుకి కొత్తలోనే 50 చిల్లర గుర్రాలు. ఇప్పుడు వాటిలో సగం మేతకే వస్తున్నాయి, లాగుడుకి రావట్లేదు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆటోవాళ్ళు కూడా పక్కకొచ్చి జాలిగా చూసి దాటిపోతున్నారని బాబాయికి ఒళ్ళుమంట. ఆ మంటలో ఆటోనగర్ వెళ్ళి, పాత ఇసుజు 1817 సీసీ ఇంజిను, దాని అయిదు గేర్ల బాక్సుతో సహా బేరమాడాడు. ఇదేం వింత ప్రయోగం కాదు. 1990ల మొదట్లో కంపెనీయే ఆ ఇంజిను పెట్టి అంబాసిడర్లు అమ్మింది. 75 గుర్రాలు. ఆర్సీలో ఇంజిన్ నంబరు మార్పించిన కథ వేరే ఉంది, అది హాస్యం కిందికి రాదు.

మేస్త్రి ఒకటే అడిగాడు. "ఇంజిను సరే సార్, వెనక యాక్సిల్ సంగతేంటి?"

బాబాయి ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాడు. "మన పాత ఇంజినుది బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వంశం. అదే వంశం ఇంజిను మీద కట్టిన ఎంజీఏ ట్విన్ క్యామ్ అనే స్పోర్ట్స్ కారు 1958లోనే 108 గుర్రాలు లాగిందయ్యా, ఇంగ్లండులో. 75కే మనది విరుగుతుందా?"

"అందులో ఇద్దరే కూర్చుంటారట కదండీ," అన్నాడు మేస్త్రి. "మీ బండిలో ఇద్దరే దిగడం నేనింతవరకూ చూళ్ళేదు."

తర్వాత మేస్త్రి నన్ను పక్కకి పిలిచి చెప్పిన లెక్క ఇది. యాక్సిల్‌ని విరగ్గొట్టేది గుర్రాలు కాదు, టార్కు, అంటే మెలితిప్పే బలం. అది ఇంజిను నుంచి వచ్చింది వచ్చినట్టు వెనక్కి పోదు. ఫస్ట్ గేర్లో మూడు రెట్ల పైన పెరుగుతుంది, వెనక చక్రాల మధ్యనుండే క్రౌన్ పినియన్ గేర్ల దగ్గర మళ్ళీ నాలుగు రెట్ల పైన. రెండూ హెచ్చవేస్తే 15 రెట్లకి అటూఇటూ. అదంతా చేరేది యాక్సిల్లో చక్రాల్ని తిప్పే రెండంటే రెండు రాడ్ల మీదకి. హైవే మీద రోజంతా తోలినా వాటికేమీ కాదు. ఇంజిను రేజ్ చేసి క్లచ్చు టక్కున వదిలితేనే ప్రాణం మీదకొస్తుంది. అప్పుడు కూడా సన్న టైర్లుంటే పరవాలేదు. అవి రోడ్డు మీద జారి ఆ దెబ్బ తినేస్తాయి, ఇంట్లో ఫ్యూజు పోయి టీవీని కాపాడినట్టు.

ఇది బాబాయి చెవిన కూడా పడింది. పడీపడగానే ఆయనకి అర్థమైంది ఒక్కటే: టైర్లు జారుతున్నాయి. వెంటనే వెడల్పాటి రేడియళ్ళు వేయించాడు.

ఇక వాహన పూజ. ఇంజిను మారితే బండి కొత్తదేనని పిన్ని తీర్మానం. ఆంజనేయస్వామి గుడి ముందు బండి నిలబెట్టి, బానెట్టు మీద పసుపుతో స్వస్తిక్ గీసి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వెనక సీట్లో పిన్ని, మేనత్త, ఇద్దరు పిల్లలు, ఒళ్ళో పులిహోర డబ్బా. పూజారిగారు "మెల్లగా ముందుకు పోనివ్వండి నాయనా" అన్నారు. ఆ "మెల్లగా" ఒక్కటీ ఇంజిను మోతలో కలిసిపోయింది. ఎదురుగా టీకొట్టు దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నారు మరి. బాబాయి రేజ్ చేసి క్లచ్చు వదిలాడు.

టంగ్!

ఇంజిను మోగుతోంది. గేర్లోనే ఉంది. స్పీడోమీటరు ముల్లు లేచి 40 దాకా వెళ్ళింది. బండి మాత్రం అంగుళం కదల్లేదు. నిమ్మకాయలు నలగలేదు సరికదా, వాటి మీద కుంకుమ కూడా చెదరలేదు. స్పీడు లెక్క గేర్‌బాక్సు చెప్తుంది, చక్రం చెప్పదు. రెండు చక్రాలకీ శక్తి పంచే డిఫరెన్షియల్‌కేమో న్యాయం ధర్మం ఉండవు. ఒక పక్క రాడ్డు విరిగితే శక్తంతా ఆ సుళువు వైపుకే పోతుంది, బాగున్న చక్రం బొమ్మలా నిలబడుతుంది.

"హ్యాండ్ బ్రేకు తియ్యండి," అన్నాడు టీకొట్టాయన. "గేరు పళ్ళేదేమో," అంది మేనత్త. "వెళ్తున్నాం కదా!" అన్నాడు చిన్నాడు, ముల్లు వైపే చూస్తూ. పూజారిగారు పళ్ళెం పట్టుకుని, బండి నిమ్మకాయలు దాటందే పూజ పూర్తయినట్టు కాదన్నారు. చివరికి ఎనిమిది మంది తోసి దాటించారు. పిన్ని మాత్రం దిగలేదు. శకునం చెడుతుందట.

మర్నాడు మేస్త్రి చక్రం విప్పి రాడ్డు లాగాడు. లోపల ఇరుక్కున్న రెండో ముక్క తియ్యడానికి ఇంకో పూట పట్టింది. విరిగింది పళ్ళు కోసిన చోటే. విరిగిన ముఖం మీద సగం మేర నల్లగా, అలలు అలలుగా గీతలు. మిగతా సగం పంచదారలా మెరుస్తోంది. "ఈ నలుపు ఎప్పట్నించో ఉన్న పగులండీ. నిన్న విరిగింది ఈ మెరుస్తున్న సగమే," అన్నాడు మేస్త్రి.

బాబాయి ఆ ముక్కని అటూఇటూ తిప్పి చూశాడు. మొహం వెలిగిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ సగం రాడ్డే లాక్కొచ్చిందన్నమాట! సగానికే 75 గుర్రాలైతే, నిండు రాడ్డు 150 తట్టుకోదా?"

మేస్త్రి చేతులు తుడుచుకుని, "సార్, మీ పాత టైర్లు ఎవరికన్నా అమ్మేశారా, ఇంకా ఇంట్లోనే ఉన్నాయా?" అని అడిగాడు.