లక్షన్నర మంది ఒకే క్యాంపస్‌లో చదువుతున్నారా?

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక సందేశం పెట్టారు. అప్పటికే మరో రెండు గ్రూపుల్లో అది నా కంట పడింది. దాని సారాంశం ఇది: అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఒకే క్యాంపస్‌లో లక్షన్నర మంది విద్యార్థులున్నారు, అక్కడి పెద్ద యూనివర్సిటీల్లో ఒక్కో తరగతిలో అయిదు వందల మంది కూర్చుంటారు, ప్రొఫెసర్ ముఖం కూడా కనబడదు, డబ్బు కడితే ఎవరికైనా సీటిస్తారు, అవన్నీ మన పిల్లల ఫీజులతో నడుస్తూ ఏటా ఉబ్బిపోతున్న డిగ్రీ ఫ్యాక్టరీలు. చివర్లో చేతులు జోడించిన బొమ్మ, ‘పదిమందికీ పంపండి’ అనే విన్నపం.

కింద ఒక ఫోటో కూడా ఉంది. ముదురు ఎరుపు చొక్కాలు వేసుకున్న జనం ఇసక వేస్తే రాలనంతగా నిండిపోయి ఉన్నారు. దాన్ని పెద్దది చేసి చూస్తే గోడ మీద ‘ట్వెల్త్ మ్యాన్’ అన్న అక్షరాలు కనిపించాయి. టెక్సస్ ఎ అండ్ ఎం ఫుట్‌బాల్ జట్టు తన అభిమానులను పిలుచుకునే పేరది. అంటే అది కైల్ ఫీల్డ్ స్టేడియం. అందులో 1,02,733 మంది పడతారు. ఆ యూనివర్సిటీలో చదివేవారంతా వచ్చి కూర్చున్నా సీట్లు మిగిలిపోతాయి. మిగతావి నింపేది పూర్వ విద్యార్థులూ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ. అరిజోనా క్యాంపస్ గురించి చెప్పడానికి టెక్సస్ స్టేడియం ఫోటో అతికించినవారి లెక్కలు ఎలా ఉంటాయో చూద్దాం.

మొదట ఆ లక్షన్నర సంగతి. ఆ అంకె గాలిలోంచి పుట్టలేదు. 2023 ఫాల్ సెమిస్టర్‌లో అరిజోనా స్టేట్‌లో నమోదైనవారు సుమారు 1,45,000 మంది. చిక్కంతా ‘ఒకే క్యాంపస్‌లో’ అన్న మాట దగ్గరే. వారిలో దాదాపు 65,000 మంది ఆన్‌లైన్‌లో చదువుతున్నారు. వారిలో చాలామంది వేరే రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిపూట కంప్యూటర్ ముందు కూర్చుని డిగ్రీ పూర్తి చేసుకునేవాళ్లు. క్యాంపస్‌లో కాలు పెట్టకుండానే పట్టా అందుకునేవారూ ఉన్నారు. మిగిలిన 80,000 మంది కూడా ఒక్కచోట లేరు. ఫీనిక్స్ మహానగర ప్రాంతంలో ఆ యూనివర్సిటీకి నాలుగు క్యాంపస్‌లున్నాయి. ప్రధానమైనది టెంపీలో. ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో ఒకటి, పడమటి వైపు గ్లెండేల్ దగ్గర ఒకటి, తూర్పున మీసాలో మూతపడిన వైమానిక స్థావరం స్థలంలో పాలిటెక్నిక్ క్యాంపస్. టెంపీ నుంచి డౌన్‌టౌన్‌కు లైట్ రైలు ఎక్కాలి, మీసాకు షటిల్ బస్సు పట్టుకోవాలి. టెంపీ ఒక్కదాన్నే తీసుకుంటే 55,000 నుంచి 60,000 మధ్య తేలుతుంది. అదీ పెద్ద అంకే కదా అంటారా? అవును, పెద్దదే. కాకపోతే సందేశంలో చెప్పినదానిలో సగం కూడా లేదు.

ఆన్‌లైన్‌వారిని కూడా కలిపి వరస కడితే ఇంతకన్నా విచిత్రమైన జాబితా వస్తుంది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని సదరన్ న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీకి మాంచెస్టర్‌లో ఉన్న క్యాంపస్‌లో చదివేవారు సుమారు మూడు వేలు; ఆన్‌లైన్‌లో లక్షన్నర పైచిలుకు. 1997లో కొన్ని రాష్ట్రాల గవర్నర్లు కలిసి పెట్టిన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీకయితే తరగతి గదులే లేవు, అన్నీ ఆన్‌లైనే. ఈ జాబితాను ‘అతిపెద్ద క్యాంపస్‌లు’ అని ఎలా అంటాం?

మన పిల్లల విషయంలో ఈ తేడాకు ఇంకో కోణం ఉంది. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి ఒక సెమిస్టర్‌లో ఆన్‌లైన్ కోర్సుల్లో ఒక్కదాన్నే, అంటే మూడు క్రెడిట్లు మించకుండా, తన పూర్తికాలపు చదువు లెక్కలో చూపించుకోవచ్చు. కనుక ఆ 65,000 మంది జాబితాలో చేరి వీసా సంపాదించడం కుదరని పని.

అసలు అమెరికాలో ‘ఎంతమంది చదువుతున్నారు’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. తలలు లెక్కపెడితే ఒక అంకె. ఒకటి రెండు కోర్సులు మాత్రమే చదివే పార్ట్‌టైమ్ వారిని కలిపి పూర్తికాలపు విద్యార్థులతో సమానం చేసి లెక్కిస్తే ఇంకో అంకె, అది మొదటిదానికన్నా తక్కువ. సెమిస్టర్ మొదలైన కొన్నాళ్లకు, చేరేవాళ్లు చేరి మానేసేవాళ్లు మానేశాక లెక్క తీస్తారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ తరగతులు మొదలైన పదో రోజున, ఒహాయో స్టేట్ పదిహేనో రోజున, టెక్సస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీలు పన్నెండో రోజున. (టెక్సస్ ఎ అండ్ ఎం వారికి పన్నెండు అంకెతో ఏదో రుణానుబంధం ఉన్నట్టుంది.) ఇవి చాలవన్నట్టు, ఒకే పేరుతో అనేక ఊళ్లలో నడిచే వ్యవస్థల లెక్క వేరు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అంటే పది క్యాంపస్‌లు, దాదాపు మూడు లక్షల మంది. ఎవరికి కావలసిన అంకెను వాళ్లు ఏరుకోవచ్చు, ఫార్వర్డ్ రాసేవారు ఏరుకున్నట్టే.

ఇక అయిదు వందల మంది తరగతి. ఇందులో నిజముంది, కాదనను. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వారి బర్క్‌లీ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ మొదటి కోర్సులో నమోదు 1,500 దాటిన సెమిస్టర్లున్నాయి. అది జరిగే వీలర్ ఆడిటోరియంలో పట్టేది 700 మందికి పైన మాత్రమే. మిగతావాళ్లు పాఠం వీడియోలో చూసుకుంటారు. ఇల్లినాయ్‌లో భౌతికశాస్త్రం పాఠాలకు ఎంత జనమంటే, అంతమందికి ఒకేసారి ప్రశ్న వేసి జవాబు రాబట్టడానికి అక్కడి ప్రొఫెసర్లే ఐక్లికర్ అనే పరికరాన్ని తయారుచేశారు. టీవీ రిమోట్‌లా అరచేతిలో ఇమిడిపోతుంది. ప్రొఫెసర్ తెరమీద ప్రశ్న పెడతారు, ప్రతి విద్యార్థీ ఎ నుంచి ఇ దాకా ఒక మీట నొక్కుతాడు, క్షణాల్లో ఎంతమందికి అర్థమయిందో ఎంతమందికి కాలేదో గ్రాఫు లేచి నిలబడుతుంది. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటే సరిపోతుందనుకునేవాడికి అక్కడ చుక్కెదురే.

అయితే అవి మొదటి రెండేళ్లలో అందరూ చదివే కోర్సులు. వాటికి కూడా లెక్చర్‌తో పాటు వారానికో చిన్న సెక్షన్ ఉంటుంది. పాతిక ముప్పై మంది విద్యార్థులు, టీచింగ్ అసిస్టెంట్‌గా ఒక పరిశోధక విద్యార్థి, బోర్డు, లెక్కలు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లు ఎందరో ఆ బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడే తమ ఫీజు మాఫీ చేయించుకుంటారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ గదులు చిన్నవవుతాయి. అయినా మెషీన్ లెర్నింగ్ లాంటి గిరాకీ కోర్సుల్లో ఎంఎస్ స్థాయిలో కూడా వందల మంది చేరుతుంటారు, అదీ చెప్పుకోవాలి. నమ్మకం లేకపోతే చూసుకునే మార్గముంది. అక్కడి పెద్ద యూనివర్సిటీల్లో చాలావరకు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం తమ వెబ్‌సైటులో పెడతాయి. డిగ్రీ స్థాయిలో పది మంది లోపు తరగతులెన్ని, ఇరవై ముప్పై మంది ఉన్నవెన్ని, వంద దాటినవెన్ని అన్నది అందులో పట్టిక కట్టి ఉంటుంది. సందేశం రాసినవారు ఆ ఒక్క పేజీ తెరిచి ఉంటే బాగుండేది.

డబ్బు కడితే ఎవరికైనా సీటు అన్నది పూర్తిగా అడ్డగోలు మాట. పెద్దదనానికీ సులువుగా చేర్చుకోవడానికీ సంబంధమే లేదు. అరిజోనా స్టేట్ డిగ్రీ మొదటి ఏడాదికి దరఖాస్తు చేసినవారిలో పదింట తొమ్మిదిమందికి సీటిస్తుంది, నిజమే. ఎంతమందిని తోసిపుచ్చామన్నది కాదు, ఎంతమందిని కలుపుకున్నామన్నదే మా కొలమానం అని తన చార్టర్‌లో బాహాటంగానే రాసుకుంది. అదే యూనివర్సిటీని 2023లో అమెరికాలోని అగ్రశ్రేణి పరిశోధన విశ్వవిద్యాలయాల సంఘం సభ్యురాలిగా చేర్చుకుంది. మరోవైపు లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏను చూడండి. అక్కడా 45,000 మందికి పైగానే చదువుతున్నారు. 2023లో మొదటి ఏడాది సీట్లకు సుమారు 1,46,000 దరఖాస్తులొస్తే తొమ్మిది శాతం మందికి కూడా సీటు దక్కలేదు. పైగా ఎంఎస్‌కు వెళ్లేవారికి ఈ శాతాలతో పనే లేదు. అక్కడ ఎవరిని తీసుకోవాలో తేల్చేది ఆయా విభాగాలు. ఒకే యూనివర్సిటీలో ఒక విభాగం తలుపులు బార్లా తెరిచి ఉంచవచ్చు, పక్క భవనంలోది గొళ్లెం బిగించి ఉండవచ్చు.

‘మన పిల్లల ఫీజులతోనే’ అన్న మాటకు కొంత ఆధారముంది: ప్రభుత్వ యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థులు రాష్ట్రంలోని వారికన్నా చాలా ఎక్కువ కడతారు, కొన్ని కంప్యూటర్ ఎంఎస్ తరగతుల్లో మనవాళ్లదే మెజారిటీ. కానీ ఆ మహా క్యాంపస్‌లను నింపేది మనం కాదు. టెక్సస్ ఎ అండ్ ఎం డిగ్రీ విద్యార్థుల్లో తొంభై శాతానికి పైగా టెక్సస్ పిల్లలే. ఆ రాష్ట్రంలో 1997 నాటి చట్టం ప్రకారం ప్రతి ఉన్నత పాఠశాలలో పై పది శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. తాకిడి తట్టుకోలేక ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి 2009లో ప్రత్యేకంగా సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. ఇక విదేశీయులు ఎక్కువగా ఉన్నది ఎక్కడయ్యా అంటే, 2023–24లో వరసగా న్యూయార్క్ యూనివర్సిటీ, నార్త్‌ఈస్టర్న్, కొలంబియా, ఆ తర్వాతే అరిజోనా స్టేట్. మొదటి మూడూ ప్రైవేటువి. ఆ ఏడాది అమెరికాలో భారతీయ విద్యార్థులుగా లెక్కకెక్కిన 3,31,602 మందిలో 97,556 మంది చదువు ముగించి ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి మీద పని చేసుకుంటున్నవారు. వాళ్లు ఏ తరగతి గదిలోనూ లేరు.

చివరిది, ఏటా ఉబ్బిపోవడం. అమెరికా కాలేజీల మొత్తం నమోదు 2010లో రెండు కోట్ల పది లక్షల దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగింది. పేరున్న పెద్ద క్యాంపస్‌లు పెరుగుతున్నమాట నిజం, చిన్నవి ఖాళీ అవుతున్నమాటా నిజం. పెన్ స్టేట్ ప్రధాన క్యాంపస్‌లో యాభై వేల దగ్గర ఉంటే, అదే యూనివర్సిటీ 2027 వసంతకాలం తర్వాత తన చిన్న క్యాంపస్‌లు ఏడింటిని మూసేయాలని 2025 మేలో తీర్మానించింది. పెద్దవాటికీ పగ్గాలున్నాయి. విద్యార్థులు పెరిగి ఊళ్లో అద్దెలు, రద్దీ పెరుగుతున్నాయంటూ బర్క్‌లీవాసులు పర్యావరణ చట్టం కింద కోర్టుకెక్కితే, 2022 మార్చిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నమోదును పెంచకుండా ఆపిన కింది కోర్టు ఉత్తర్వును తొలగించడానికి ఒప్పుకోలేదు. వేల మంది సీట్లు గాలిలో వేలాడాయి. కొద్ది రోజుల్లోనే శాసనసభ హడావిడిగా చట్టం మార్చితే తప్ప గండం గట్టెక్కలేదు.

ఇదంతా గ్రూపులో రాస్తే బాబాయి కాసేపు మౌనంగా ఉండి ఫోన్ చేశారు. మా పెద్దమ్మ మనవడికి అరిజోనా స్టేట్‌లోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఎంఎస్‌లో సీటొచ్చిందట, ఆగస్టులో ప్రయాణమట. అందరూ ఒకే క్యాంపస్‌లో ఉంటారు కదా అని నెల రోజులుగా టెంపీలో అద్దె గది వెతుకుతున్నారట. ఆ కోర్సు తరగతులు ఎక్కడ జరుగుతాయో అడ్మిషన్ ఉత్తరంలో చూడమన్నాను. అందులో పాలిటెక్నిక్ క్యాంపస్ అని ఉంది. ‘మీసాలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?’ అని నిన్న గ్రూపులో బాబాయి కొత్త సందేశం పెట్టారు.