మళ్లీ రాని సోలో

తొమ్మిదిన్నర నిమిషాల సంగీతం, పన్నెండు ఉపభాగాలు. పాడిన మాట ఒక్కటీ లేదు. కెనడా బ్యాండ్ రష్ 1978లో తెచ్చిన 'హెమిస్పియర్స్' ఆల్బమ్‌లో చివరి ట్రాక్ 'లా విల్లా స్ట్రాంజియాటో' ప్రస్తావన వస్తే చాలామంది వాయించినవాళ్ల చేతివేగం గురించే మాట్లాడతారు. బ్యాండ్ కూడా దీన్ని 'మన ఇష్టానికి మనం చెలరేగే కసరత్తు' అనే అర్థం వచ్చేలా పిలుచుకుంది. ఆ మాటను నేను ఒప్పుకోను. ఇంత లెక్కగా కట్టిన సంగీతం రాక్‌లో అరుదు.

గిటారిస్ట్ అలెక్స్ లైఫ్‌సన్‌కు వచ్చిన కలలే దీనికి మూలం. ఉపభాగాల పేర్లు కూడా కలల్లాగే పొంతన లేకుండా ఉంటాయి. వాటిని చూస్తూ వింటే అయోమయమే మిగులుతుంది, ఎందుకంటే కొన్ని భాగాలు క్షణాల్లో అయిపోతాయి. పేర్లు పక్కనపెట్టి, ఏ బాణీ మళ్లీ ఎప్పుడు వస్తుందో చూస్తే దారి దొరుకుతుంది.

మొదట నైలాన్ తీగల గిటార్ ఒంటరిగా మోగుతుంది. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ ఒక చిన్న వరసను పట్టుకుని వదలదు. దాని మీద సింథసైజర్, డ్రమ్స్‌లోని హైహ్యాట్ తాళాలు, బేస్ గిటార్ ఒక్కొక్కటే చేరుతూ టెన్షన్ పెంచుతాయి. సుమారు రెండు నిమిషాలకు గానీ అసలు థీమ్, అంటే ప్రధాన బాణీ, రాదు. అంతసేపు ఆపి ఉంచారు కాబట్టే అది వచ్చినప్పుడు తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది.

థీమ్ తర్వాత హోరు ఒక్కసారిగా తగ్గి లైఫ్‌సన్ గిటార్ ముందుకొచ్చే సోలో మొదలవుతుంది. నా దృష్టిలో ఈ రచనకు గుండెకాయ ఇదే. తాళం ఏడు దెబ్బల ఆవర్తం. వినేవాళ్లు లెక్కపెట్టుకుంటే తప్ప ఆ బేసి సంఖ్య తెలియదు, అంత మెత్తగా నడుస్తుంది. మొదట్లో స్వరాలకు మీటిన చప్పుడే ఉండదు. వాల్యూమ్‌ను సున్నా నుంచి పెంచుతూ వాయించడం వల్ల గిటార్ వయొలిన్‌లా పలుకుతుంది. కింద కొద్దిపాటి కార్డులే (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) తిరుగుతుంటాయి. నీల్ పియర్ట్ డ్రమ్స్ కొంచెం కొంచెంగా బరువు పెంచుతాయి, సోలో కూడా తొందరపడకుండా ఆ బరువుతోపాటే పైకెక్కుతుంది. వేగానికి పేరుపడ్డ ఈ రచనలో అత్యంత లోతైన చోటు నెమ్మదిగా ఉండే చోటే.

అక్కడి నుంచి 'మాన్‌స్టర్స్' భాగంలోకి దూకుతారు. ఇది అమెరికన్ స్వరకర్త రేమండ్ స్కాట్ 1937 నాటి రచన 'పవర్‌హౌస్' నుంచి తీసుకున్న బాణీ. వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలో యంత్రాలు కదిలే దృశ్యాలకు వాడింది ఇదే. నిద్రలో తరుముకొచ్చే రాక్షసులకు ఈ ఫ్యాక్టరీ మోత సరిగ్గా సరిపోయింది. తర్వాతి మధ్యభాగంలో గెడ్డీ లీ బేస్‌కూ డ్రమ్స్‌కూ చోటు దొరుకుతుంది. వాయింపు బాగున్నా, నిర్మాణపరంగా అది ఒక మలుపు మాత్రమే.

ఎందుకంటే ఆ తర్వాత మళ్లీ 'మాన్‌స్టర్స్' వస్తుంది, దాని వెనకే థీమ్. అంటే వెళ్లిన దారినే వెనక్కి నడుస్తున్నాం. వెళ్లేటప్పటి వరస థీమ్, సోలో, మాన్‌స్టర్స్. వచ్చేటప్పుడు మాన్‌స్టర్స్, థీమ్. సోలో ఉండాల్సిన చోట సోలో లేదు.

దీన్ని పొరపాటుగా నేను చూడను. ఈ రచనను ఒకే టేక్‌లో రికార్డ్ చేయాలని పట్టుబట్టి, కుదరక చివరికి ముక్కలుగా రికార్డ్ చేసి అతికిన బ్యాండ్ ఇది. ఎక్కడ ఏముండాలో వాళ్లకు తెలుసు. భయపెట్టిన కల మళ్లీ మళ్లీ వస్తుంది గానీ హాయిగా ఉన్న కలను కావాలని మళ్లీ కనలేం. సోలోను తిరిగి తెచ్చి ఉంటే అద్దంలో బొమ్మలా చక్కగా కుదిరేది, వినేవాళ్లలో ఆ వెలితి మాత్రం పుట్టేది కాదు. తిరిగొచ్చిన థీమ్ మొదటిసారి కంటే కరుగ్గా వినిపించడానికి కారణం ఆ వెలితే అని నా నమ్మకం.

ముగింపు భాగం పేరుకు వీడ్కోలే అయినా అందులో సాగదీత లేదు. ముగ్గురూ కలిసి చివరి వరస వేగంగా వాయించి, ఠక్కున ఆపేస్తారు.