వేపచెట్టు మీది మైకు గారికి

మహారాజశ్రీ మా ఊరి రామాలయం ముందరి వేపచెట్టు మీద వేంచేసి ఉన్న మైకు గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నా కుడిచెవి ఒప్పుకోవడం లేదు. మొన్న చెవుల డాక్టరు గారు నన్ను ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని కూతలు వినిపిస్తూ "వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కండి" అన్నారు. ఎడమచెవి బుద్ధిగా నొక్కించింది. కుడిచెవి వంతు వచ్చాక గది చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. పరీక్ష ఇంకా మొదలు కాలేదేమో అనుకున్నాను. అప్పటికే అయిపోయిందట. "చిన్నప్పుడు పెద్ద శబ్దాల మధ్య గడిపారా?" అని అడిగారు. "లేదండీ, సంగీతం మధ్య గడిపాను" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. తమరి పేరు మాత్రం నేను బయటపెట్టలేదు.

అలాగని స్నేహం కొద్దీ రాస్తున్నానని అనుకోకండి. మన మధ్య యాభై ఏళ్ల బాకీ ఉంది. నాకు పాటలు అలవాటు చేసింది మీరే. ఒక్క పాటా పూర్తిగా ఇవ్వనిదీ మీరే.

కందుకూరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు మాది. నేను పుట్టిన 1968లో అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మీ ఊరు ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే ఏ సంవత్సరం సంగతి అడుగుతున్నారని ఎదురు ప్రశ్న వేయడం మాకు అలవాటు. మీకు ఆ బాధ లేదు. గాలి ఎంతవరకు వీస్తే అంతవరకూ మీ జిల్లానే.

నన్ను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు చెబుతాను. మొదట్లో తమరు అద్దెకు వచ్చేవారు. పెళ్లికి ముందురోజు సాయంత్రం మైకు సెట్టాయన సైకిల్ మీద దిగేవాడు. వెనక సీటు మీద ఆంప్లిఫయర్, హ్యాండిలుకు రికార్డుల సంచి, భుజాన తమరు. మా కరెంటు మీద నమ్మకం లేక బ్యాటరీ ఒకటి ఇంకో సైకిల్ మీద వచ్చేది. తమరిని కొమ్మకు కట్టడం అయ్యాక ఆయన రికార్డు పెట్టేవాడు. పిల్లలం చుట్టూ మూగేవాళ్లం, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. రికార్డు నడిమి కాగితం మీద ఒక కుక్క గొట్టం ముందు తల వంచి కూర్చొని శ్రద్ధగా పాట వింటూ ఉండేది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతున్నా దాని ఏకాగ్రత చెదిరేది కాదు. చెట్టు కింద, కుడిచెవి మీవైపు పెట్టి, అచ్చం ఆ కుక్కలాగే కూర్చునేవాడు ఒకడు ఉండేవాడు చూడండి, అది నేను. అన్నానికి రమ్మని మా అమ్మ మూడుసార్లు పిలిచినా నాకు వినపడేది కాదు. చెవుడా నీకు అని తిట్టేది. అమ్మ నోటి చలవ.

ఇక తమరి గొంతు. సుమారు మూడు వందల హెర్ట్జ్‌ల దిగువన తమరికి ఏదీ సరిగా పలకదు. అరచేతిలో ఇమిడే పొర, దాని ముందు రేకు గొట్టం, మీ తత్వమే అంత. మగగొంతులోని గంభీరం, మృదంగం ఎడమవైపు మోత, అన్నీ గొట్టం లోపలే ఆగిపోయేవి. ఎంత గొప్ప గాయకుడైనా మీ దాకా వచ్చేసరికి జలుబు చేసేది. మాకు సంగీతం అంటే ఆ జలుబే. ఇంటర్ చదవడానికి ఒంగోలు వెళ్లాక, హాస్టల్లో ఒక స్నేహితుడి టేప్‌రికార్డరులో, నాకు కంఠతా వచ్చిన పాటే మొదటిసారి మంచి స్పీకరులో విన్నాను. పాట కింద ఇంకెవరో నడుస్తున్నట్టు ధుమ్ ధుమ్ అని ఒకటే చప్పుడు. "దొంగ క్యాసెట్టు అంటగట్టార్రా నీకు, వెనకాల ఇంకేదో పడింది" అన్నాను. రెండేళ్లూ నన్ను ఆ మాటతోనే ఏడిపించాడు. దాన్ని బేస్ గిటార్ అంటారట. పదహారేళ్లు దాన్ని ఎక్కడ దాచారో ఇప్పటికైనా చెప్పండి.

చదివింపుల సంగతి ఎత్తితే అది మనుషుల తప్పు అని తప్పించుకుంటారు. కానీ నోరు మీదే కదా. పాట చరణంలోకి వెళ్లి, గాయని గొంతు మెల్లగా పైకి లేస్తుండగా సూది ఎత్తేసేవారు. "పెళ్లికూతురి మేనమామ గారు, నూటపదహార్లు!" మళ్లీ సూది దించేవారు, ఎక్కడో ఒకచోట. రెండు పాదాలు గడిచాయో లేదో "పెళ్లికొడుకు పెదనాన్న గారు, స్టీలు బిందె!" నాకు తెలిసిన విరహగీతాల్లో సగం స్టీలు బిందెతోనే ముగుస్తాయి. ఒక పాట చరణం మూడో పాదంలో ఈనాటికీ నా పెదవులు వాటంతట అవే నూటపదహార్లు అంటాయి. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అది పాటలో మాటే అనుకుంది.

నా అసలు చదువు మాత్రం మీ చెట్టు కింద కాదు, పొగాకు బ్యారన్ దగ్గర జరిగింది. సంక్రాంతి దాటాక మా వైపు బ్యారన్లు కాలుతుంటాయి. పచ్చాకును కర్రలకు కట్టి, లోపల వరసగా వేలాడదీసి, పొయ్యి రాజేశాక ఐదారు రోజులు పగలూ రాత్రీ మంట ఆరకూడదు, హద్దు మీరకూడదు. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు రాదు. మా నాన్న గంటకోసారి లేచి, లాంతరు ఎత్తి పట్టుకొని, కిటికీ అద్దంలోంచి థర్మామీటరు చూసి వచ్చేవాడు. నేను గోనెపట్టా పరుచుకొని బ్యారన్ గోడకు వీపు ఆనించి పడుకునేవాణ్ని. గోడ వెచ్చగా ఉండేది, ముఖానికి మంచు. మాఘమాసం కదా, చుట్టుపక్కల ఊళ్లన్నిటా పెళ్లిళ్లే. రాత్రి నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉంటే ధ్వని ఆకాశంలోకి పోకుండా వంగి కిందికి దిగుతుందని తర్వాతెప్పుడో పుస్తకంలో చదివాను. అప్పుడు నాకు తెలిసిందల్లా, పగలు వినపడని ఊరి పాట రాత్రి రెండు గంటలకు మా చేలోకి నడిచి వచ్చేదని. అది తమరి దాయాదుల గొంతు. ఏ ఊరిదో మా నాన్న చెప్పేవాడు. "పడమటి గాలి, ఇది మాలకొండ దారిలోది." శనివారం తప్ప తలుపులు తీయని దేవుడి దారిలో మంగళవారం అర్ధరాత్రి ప్రేమపాట.

పల్లవి వచ్చేది. అంతలో గాలి మళ్లేది. చరణం ఎవరి చేలో పడిందో తెలియదు. మళ్లీ గాలి ఇటు తిరిగేసరికి వేరే పాట. మధ్యలో పోయినదాన్ని నేనే కల్పించుకొని లోలోపల పాడుకునేవాణ్ని. నాన్న పాటల మనిషి కాడు, ఎప్పుడూ కూనిరాగం తీయగా కూడా వినలేదు. కానీ పాట వస్తున్నంతసేపూ పొయ్యిలో కట్టె వేయడానికి లేచేవాడు కాదు, చప్పుడవుతుందని. ఒక రాత్రి పాటలు వరసగా వచ్చాయి. ఆ బ్యారన్ ఆకుకు రంగు రాలేదు, ధరా పలకలేదు. కారణం మా అమ్మకు ఇద్దరమూ చెప్పలేదు.

ఈమధ్య ఆ పాటలన్నీ ఫోనులో వెతికి పట్టుకొని పూర్తిగా విన్నాను. నేను కల్పించుకున్న చరణాలు ఎక్కడా లేవు. కొన్నిచోట్ల కవిగారు రాసినవాటికంటే నావే నయం అనిపించింది, ఆ సంగతి మీలో మీరే ఉంచుకోండి.

ఘంటసాల గారి భగవద్గీత విషయంలో మాత్రం మీరు చేసింది క్షమించరానిది. 1974లో ఆయన వెళ్లిపోయాక ఆ రికార్డు ఇంటింటికీ చేరింది. తమరు దాన్ని చావు ఇళ్లకు కేటాయించారు. పొద్దున్నే ఆ గొంతు మొదలైతే చాలు, వీధిలో ఆడవాళ్లు చేటలు కింద పెట్టి "ఎవరమ్మా?" అని అడిగేవాళ్లు. కృష్ణుడు అర్జునుణ్ని యుద్ధం చేయమంటున్నాడని నాకు ఇంటర్‌లో తెలిసింది. అంతవరకూ పాడె కట్టమంటున్నాడనే అనుకున్నాను. ఒంగోలులో ఒక ఇంట్లోంచి ఉదయం పూట అదే వినపడితే, పరామర్శకని ముఖం వేలాడేసుకొని గడప దాకా వెళ్లాను. లోపల పెద్దాయన స్నానం చేసి, విభూతి పెట్టుకొని, హాయిగా ఇడ్లీ తింటున్నారు.

తెల్లవారుజామున సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, ధనుర్మాసంలో తిరుప్పావై. దేవుడు లేచేవాడో లేదో గానీ పదో తరగతి పిల్లలం లేచేవాళ్లం. దాని గురించి ఫిర్యాదు లేదు, గట్టెక్కాను.

గొట్టం ఉండగానే సరిపోదని ఒక మాట. ఒంగోలు పక్కనే కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారి చేతిలో ఉన్న నాదస్వరమూ గొట్టమే. అది శ్రీరంగం చేరింది, 1998లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు తెచ్చింది. కరెంటు అడగలేదు, బ్యాటరీ అడగలేదు. మా ఊరి పెళ్లిపందిట్లో సన్నాయి వాయించే ఆయన రాగం అందుకున్న క్షణానే తమరు నెత్తిమీద సినిమా పాట ఎత్తుకునేవారు. ఆయన కళ్లు మూసుకొని వాయించుకుంటూ పోయేవాడు. గట్టిమేళం అనగానే నోరు మూసుకోవలసింది ఎవరో ఆయనకు తెలుసు.

బాలసుబ్రహ్మణ్యం గారి విషయం నవ్వుతూ రాయలేను. నెల్లూరువాళ్లకు ఆయన ఇంటి మనిషి. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020లో వేదపాఠశాలకు ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకొని, మీ దగ్గర వెయ్యిసార్లు విన్న పాట ఒకటి పెట్టాను. రెండు పాదాల మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం వినపడింది. మళ్లీ వెనక్కి తిప్పి అదే చోట విన్నాను. ఇన్నేళ్లూ మీరు నాకు ఇవ్వనిది అదే. అది నాకు దొరికింది ఆయన వెళ్లిపోయిన రోజున.

చట్టం కూడా మీమీద కన్నేసింది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మీరు నోరెత్తకూడదు. పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు గానీ, అదీ ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. ఈ సంగతి మైకులో ఎవరూ చెప్పలేదు కనుక మా ఊళ్లో ఇంకా ఎవరికీ తెలియదు. పెళ్లిళ్లకు ఇప్పుడు డీజే పెట్టెలు వస్తున్నాయి. మీరు దాచిన ధుమ్ ధుమ్ అంతా చక్రవడ్డీతో తెచ్చి ఇస్తున్నాయి. పాట వినపడదు, వంటింట్లో గిన్నెలు పాడతాయి.

మొన్న సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు తమరిని చూశాను. అంచున సొట్ట పడింది. గొట్టంలో గోరింక గూడు పెట్టింది. ఆ రాత్రి డాబా మీద పడుకొని, ఖరీదైన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టానో లేదో, పడమటి నుంచి సన్నగా ఒక పల్లవి వచ్చింది. జలుబు గొంతే. అంతలోనే గాలి మళ్లింది. ఫోను చేతిలోనే ఉంది, వెతికితే క్షణంలో మొత్తం పాట దొరికేది. ఎడమచెవి అటు తిప్పి కూర్చున్నాను. మా ఆవిడ మెట్లెక్కి వచ్చి "చలిలో ఏం చేస్తున్నారు?" అంది. చెయ్యి ఎత్తి ఆగమన్నాను.

తమరి సొట్ట తీయించమని పూజారి గారికి నూటపదహార్లు పంపుతున్నాను. గోరింక పిల్లలు ఎగిరిపోయాకే ఆ పని చేయమన్నాను. ఇచ్చినవారి పేరు చదవకుండా ఆయన ఊరుకోరు. చదవనివ్వండి గానీ, చరణం పూర్తయ్యాక.

ఇట్లు,
తమరి కుడిచెవి తాలూకు మనిషి