నెవిల్ వారి వంశవృక్షం మీద సగ్గుబియ్యం వడియాలు

15వ శతాబ్దంలో ఇంగ్లండు సింహాసనం కోసం లాంకస్టర్, యార్క్ వంశాలు చేసుకున్న గులాబీ యుద్ధాల్లో ఎవరు ఎవర్ని నరికారో అర్థం కావాలంటే, ఎవరు ఎవరికి ఏమవుతారో ముందు తెలియాలి. ఆ లెక్క నెవిల్ కుటుంబం దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండు ఉత్తరాన రేబీ కోట దొర రాల్ఫ్ నెవిల్. రెండో రిచర్డ్ రాజు ఆయన్ని 1397లో వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్‌ని చేశాడు. భార్యలు ఇద్దరు, పిల్లలు 20 మందికి పైనే.

ఇంతమంది చార్టు కాగితంలో పట్టరు. అందుకని పాత ఫ్లెక్సీ ఒకటి తిరగేసి, తెల్లటి వైపున స్కెచ్ పెన్నులతో గీశాను. లాంకస్టర్ పక్షానికి ఎరుపు, యార్క్ పక్షానికి నీలం. అవతలి వైపు ఎవరో వార్డు నాయకుడు తన పుట్టినరోజుకి తనే నమస్కారం పెడుతున్నాడు. పాపం, ఆయనకి ఈ గొడవతో సంబంధం లేదు.

తడి ఆరాలని మేడ మీద పరిచాను. నడి ఎండాకాలంలో మేడ మీద పరిచిన ఫ్లెక్సీకి మా మేనత్త దృష్టిలో ఒకటే అర్థం. నేను మళ్లీ పైకెళ్లేసరికి వెస్ట్‌మోర్లండ్ వంశమంతా సగ్గుబియ్యం వడియాల కింద ఉంది.

“ఖాళీ చూసే పెట్టానురా” అంది.

ఖాళీ ఎక్కడుంది? రెండో భార్య జోన్ బోఫోర్ట్ కిందే 14 మంది!

ఎండిన వడియాలు ఊడదీస్తుంటే సిరా వాటి వెంటే వచ్చేసింది. జోన్ కొడుకు, సాల్స్‌బరీ ఎర్ల్ రిచర్డ్ పోయాడు. అయినా కొరత తెలియలేదు. ఆయన కొడుకు, వారిక్ ఎర్ల్ రిచర్డ్ ఉన్నాడు, చెల్లెలు సిసిలీ మొగుడు రిచర్డ్ ఉన్నాడు, వాళ్ల కొడుకు మూడో రిచర్డ్ రాజు కూడా క్షేమమే. రాజుల్ని ఎక్కించీ దించీ ‘కింగ్‌మేకర్’ అనిపించుకున్న వారిక్ ఎర్ల్ ఇంట్లో భార్యా యానే, కూతురూ యానే. ఒకరు చెరిగినా ఇంకొకరితో సర్దుకోవచ్చు.

“పేర్లు పెట్టడానిక్కూడా ఇంత పొదుపా?” అంది అత్త. “ఈ నీలం గీత అడ్డంగా పోయిందేం?”

“సిసిలీ కొడుకు జార్జ్ పెళ్లి అత్తా, 1469లో. మేనమామ మనవరాల్ని చేసుకున్నాడు. దగ్గర చుట్టరికమని పోప్ అనుమతి తెచ్చుకోవాల్సొచ్చింది.”

“వరసకి మేనకోడలేగా! ముహూర్తం పెట్టించుకోక, మధ్యలో ఆయనెందుకు?”

తర్వాతి వడియం కింద జోన్ కూతురు క్యాథరిన్. 1465లో ఆవిడకి నాలుగో పెళ్లి. పెళ్లికూతురికి 65 దరిదాపుల్లో, పెళ్లికొడుక్కి 20. అప్పటి చరిత్ర రాసినవాడైతే సైతాను పెళ్లి అని తిట్టిపోశాడు. అత్త మాత్రం తలెత్తకుండా “ఆస్తెంత?” అంది.

మొదటి మొగుడు నార్ఫోక్ డ్యూక్. ఆయన తాలూకు భూములు ఆవిడ అనుభవంలోనే ఉన్నాయి. పెళ్లికొడుకేమో రాణిగారి తమ్ముడు.

“అలా చెప్పు మరి!”

నాలుగేళ్లకి ఆ కుర్రాడి తల తీయించింది కింగ్‌మేకరే. అంటే పెళ్లికూతురికి సొంత మేనల్లుడు. ఆవిడ 1483 దాకా నిక్షేపంగా బతికింది.

అత్త చెయ్యి ఆగింది ఒక్కచోటే, రాల్ఫ్ పంపకాల దగ్గర. ఆయన ఆస్తిలో సింహభాగం జోన్ పిల్లలకి రాసేశాడు.

“పెద్దభార్య వైపు వాళ్లకో?”

“మనవడికి బిరుదు దక్కింది.”

“బిరుదు నాకుతాడా?”

ఆ రెండు శాఖలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయని నేను చెప్పాల్సిన పనిలేకపోయింది, ఆవిడే చెప్పింది. స్టెయిన్‌డ్రాప్ చర్చిలో రాల్ఫ్ రాతిబొమ్మ గురించి మాత్రం నేను చెప్పాను. వల్లీ దేవసేనా సమేతుడిలా చెరోపక్కా భార్యల్ని పెట్టుకుని పడుకుని ఉంటాడు. కానీ జోన్ సమాధి అక్కడ లేదు. లింకన్ కతీడ్రల్‌లో వాళ్లమ్మ పక్కన ఉంది.

అత్త ఎర్రబడ్డ వడియం ఒకటి వెలుగులోకి ఎత్తి చూసి, డబ్బాలో వేసింది.

“ఆస్తంతా పిల్లల పేర పెట్టించుకుని, బొమ్మని మొగుడి దగ్గరుంచి, తను పుట్టింటికి చేరిందన్నమాట. గట్టిపిండమే!”