ట్రోపోనిన్ అంకె ఆయుష్షు చెప్పదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "గుండెపోటు వచ్చినవాళ్లకి ట్రోపోనిన్ టెస్ట్ ఒక్కటి చాలు, ఎన్నేళ్లు బతుకుతారో తెలిసిపోతుంది. ఎక్కువుంటే ఆశ లేదు, తక్కువుంటే భయం లేదు. ఎకోలన్నీ డబ్బు గుంజడానికే" అని. (ఎకో అంటే గుండెని చూసే అల్ట్రాసౌండ్ స్కాన్.) మా పెదనాన్న ఐసీసీయూలో ఉన్న రోజు ఇది చదివి మా పెద్దమ్మ రాత్రంతా ఏడ్చింది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"ఎక్కువుంటే ఆశ లేదు." పెదనాన్నకి స్టెంట్ వేసిన కొన్ని గంటలకి రెండో ట్రోపోనిన్ రిపోర్టు వచ్చింది. పొద్దుటి అంకెకి ఎన్నో రెట్లుంది. మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డ్యూటీ డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పారు. ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకోగానే, కాలవకి అడ్డం తీసినట్టు, అక్కడ పేరుకున్నదంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. అందుకే స్టెంట్ తర్వాత అంకె గబగబా ఎగసి, ఆపైన దిగుతుంది. అంకె బాగా పైకి వెళ్తే కండరం ఎక్కువ దెబ్బతిన్నట్టే, అది కాదనను. కానీ రక్తం ఎప్పుడు తీశారో తెలియకుండా ఆ అంకెని చదవలేం. పైగా ఒక ల్యాబ్ మిల్లీలీటరు లెక్కన 0.04 నానోగ్రాములని రాస్తే, ఇంకో ల్యాబ్ లీటరు లెక్కన 40 అని రాస్తుంది. రెండూ ఒకటే కొలత! ఇది తెలియక హడలిపోయినవాళ్లని అదే వరండాలో చూశాను.

"తక్కువుంటే భయం లేదు." నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. నొప్పి మొదలైన గంటలోపే రక్తం తీస్తే రిపోర్టు మామూలుగా రావచ్చు. అందుకే ఒకటి నుంచి మూడు గంటల తర్వాత మళ్లీ తీసి, పెరుగుతోందా లేదా అని చూస్తారు. ఇక ఇంటికొచ్చాక నార్మల్ వచ్చిందని రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా మానేస్తే, స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. ఆ ముప్పుని ట్రోపోనిన్ ముందుగా చెప్పదు.

"ఒక్క టెస్ట్ చాలు." గుండెపోటు తర్వాత ముప్పు లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే గ్రేస్ స్కోరులో 8 అంశాలున్నాయి: వయసు, నాడి వేగం, పై బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీలో మార్పు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడంలాంటి గుండె వైఫల్య లక్షణాలు, ఆస్పత్రికి వచ్చేసరికి గుండె ఆగిందా లేదా, ట్రోపోనిన్‌లాంటి గుర్తు పెరిగిందా లేదా. రక్తం నుంచి వచ్చేవి రెండే. అందులోనూ ట్రోపోనిన్ ఎంతుందని స్కోరు అడగదు, పెరిగిందా లేదా అనే అడుగుతుంది. అంతా కలిపినా వచ్చేది ఇన్ని నెలల్లో ముప్పు ఇంత శాతం అన్న అంచనా, ఒక మనిషికి మిగిలిన ఏళ్లు కాదు. గుండె గోడ మీద ఒత్తిడి చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా పనికొచ్చే రక్తపరీక్షే. అయితే వయసు, కిడ్నీ జబ్బు దాన్ని పెంచుతాయి, ఊబకాయం తగ్గిస్తుంది.

"ఎకో డబ్బు గుంజడానికే." గుండె ఒక్కో కొట్టుకి ఎంత శాతం రక్తం బయటికి నెడుతోందో చూపించేది ఎకోనే. అది 40 శాతం, అంతకన్నా తక్కువుంటే ఇవ్వాల్సిన మందులు మారతాయి. గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు ఆగి, మందులు వాడాక కూడా 35 దాటకపోతే, షాకిచ్చి కాపాడే పరికరం అమర్చాలా అని ఆలోచిస్తారు. పెదనాన్నకి వచ్చే నెలలో మళ్లీ ఎకో ఉంది. పెద్దమ్మ క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టి పెట్టుకుంది.