ఎర్రబడని లోహం

ఇనుము ఎర్రగా ఉన్నప్పుడే సమ్మెట పడాలన్నది కొలిమి పుట్టిన నాటి మాట. అల్యూమినియం దగ్గర ఆ మాట చెల్లదు. 450 డిగ్రీల సెల్సియస్‌కు కాగి, లోహాన్ని ఒత్తి రూపమిచ్చే ప్రెస్సు కిందికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న దిమ్మెను, రాత్రంతా నేల మీద పడి చల్లారిన దిమ్మెను పక్కపక్కన పెట్టి చూడండి. కంటికి రెండూ ఒకటే. అదే మసకబారిన వెండి రంగు. వెలుతురున్న షెడ్డులో ఈ లోహం 660 డిగ్రీల దగ్గర కరిగి జారిపోతుందే తప్ప, ముందుగా ఎర్రబడి హెచ్చరించదు. ఎన్నో విమానాల రెక్కల దూలాలు, కొన్ని కారు చక్రాలు, సస్పెన్షన్ భాగాలు ఇలాంటి లోహాన్ని కాచి, అచ్చుల మధ్య ఒత్తి తీసినవే. ఈ పనినే ఫోర్జింగ్ అంటారు. ఆ పరిశ్రమ మాత్రం తన గొప్ప చెప్పుకోవలసి వచ్చినప్పుడల్లా ప్రెస్సు ఎన్ని టన్నుల బలంతో ఒత్తుతుందో చెబుతుంది. దిమ్మె ఎన్ని డిగ్రీల దగ్గర ఒత్తిడికి లోనైందో చెప్పదు. మా అభ్యంతరం అక్కడే.

టన్నుల కథ ఆసక్తికరమైనదే, కాదనం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ మెగ్నీషియం, అల్యూమినియం వంటి తేలిక లోహాలను భారీ హైడ్రాలిక్ ప్రెస్సుల్లో ఒత్తి విమాన భాగాలు తయారుచేసింది. యుద్ధం ముగిశాక వాటిలో అతి పెద్దదైన 30,000 టన్నుల ప్రెస్సు సోవియట్ యూనియన్‌కు దక్కింది. ఆ దిగులుతోనే అమెరికా వైమానిక దళం 1950లో భారీ ప్రెస్సుల కార్యక్రమాన్ని తలపెట్టి పది యంత్రాలను నిలబెట్టింది. వాటిలో 50,000 టన్నులవి రెండు. క్లీవ్‌లాండ్‌లో ఉన్నది 1955లో పని మొదలుపెట్టింది. 2008లో దాని దేహంలోనే పగుళ్లు కనిపించడంతో ఆపి, బాగుచేసి మళ్లీ నడిపించారు. సోవియట్లు 75,000 టన్నుల వరకు వెళ్లారు. ఆ తర్వాత చైనా 80,000 టన్నులకు చేరింది. ఇంత బలం ఎందుకంటే, పది ముక్కలు కలిపి రివెట్లు కొట్టాల్సిన భాగాన్ని ఒకే ముక్కగా తీయవచ్చు. బరువు తగ్గుతుంది, అతుకులు ఉండవు.

అయితే ఒత్తడానికి కావలసింది బలం ఒక్కటే అయితే సమ్మెట చాలు. ఆవిరి సమ్మెట కూడా తక్కువది కాదు. ప్రెస్సుకు ఉన్న సుగుణం నిదానం. లోహాన్ని ఎంత వేగంగా నలిపితే లోపల అంత వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. విమానాల్లో వాడే 7075 అనే అల్యూమినియం మిశ్రలోహం 477 డిగ్రీల దగ్గరే లోలోపల కరగడం మొదలుపెడుతుంది. కొలిమి నుంచి 440 డిగ్రీలతో వచ్చిన దిమ్మెను దబదబా బాదితే, కొలతల్లో సరిగ్గా ఉన్న ఆ భాగం రేణువుల అంచుల్లో ఎక్కడో కరిగి, గడ్డకట్టి, పెళుసుబారి ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. మరోవైపు వేడి తగ్గితే లోహం అచ్చు మూలల్లోకి పారదు, బిగుసుకుని చిట్లుతుంది. ఉక్కుకు వందల డిగ్రీల వెసులుబాటు ఉంది. 1,200 దగ్గర మొదలుపెట్టి 900 దాకా కొట్టినా అది ఓర్చుకుంటుంది, పైగా ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో తన పరిస్థితి తానే చెప్పుకుంటుంది. గట్టి అల్యూమినియం రకాలకు ఉన్న వెసులుబాటు కొన్ని పదుల డిగ్రీలు.

ఆ కొన్ని పదులను ఎలా కొలుస్తున్నారన్నది అసలు ప్రశ్న. దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ పైరోమీటరు మెరిసే లోహం ముందు మోసపోతుంది. అల్యూమినియం తన వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వెలువరిస్తుంది, చుట్టూ ఉన్న వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. ఉక్కుకు సరిచేసి పెట్టిన మీటరును దీని మీదికి తిప్పితే అంకె కనిపిస్తుంది కానీ, ఆ అంకె అబద్ధం. రేకు పని చేసే పాత కార్మికులు సబ్బు ముక్కతో గీత గీసి, అది గోధుమ రంగు దాటి నల్లబడేదాకా వేడిచేసేవారు. పాత పద్ధతే కావచ్చు. తప్పుగా సరిచేసిన మీటరు కన్నా ఆ సబ్బు గీతే నిజాయితీగలదని మేమంటే ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. లోహానికి ఆనించి కొలిచే థర్మోకపుల్, కొలిమిలోని ప్రతి మూలలో వేడి సమంగా ఉందో లేదో తేల్చే తనిఖీ, ఆ అంకెలు దిమ్మె సంఖ్యతో సహా నమోదయ్యే పుస్తకం ఉండాలి. ఖరీదైన ప్రెస్సు పక్కన ఇవి చిల్లర ఖర్చు. చిల్లర ఖర్చు కనుకే చాలాచోట్ల ఇవి చివరి వరుసలో నిలబడతాయి.

అచ్చు సంగతీ ఇలాంటిదే. అల్యూమినియం తనకు తగిలిన లోహానికి వేడిని ఇట్టే వదిలేస్తుంది కాబట్టి డైలను, అంటే ఆ అచ్చులను కూడా బాగా వేడిచేసి ఉంచాలి. చల్లని డై తగిలితే దిమ్మె చర్మం ముందే బిగుసుకుంటుంది. డై మూలలు మరీ పదునుగా ఉంటే లోహం తన మీద తానే మడతపడుతుంది. ఆ మడత అతుక్కున్నట్టే కనిపిస్తుంది, నిజానికి అది మూసుకున్న పగులు.

ఇన్ని తిప్పలు పడి ఫోర్జింగ్ ఎందుకు, పోత పోస్తే సరిపోదా అంటే, ఒక ముక్కను కోసి చూడాలి. ఒత్తి తీసిన భాగాన్ని నిలువునా కోసి, కోత ముఖాన్ని నున్నగా చేసి, వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచుతారు. బుడగలు లేస్తాయి, ముఖం నల్లగా మసిబారుతుంది. నత్రికామ్లంతో ఆ మసి కడిగేస్తే చారలు తేలతాయి. చెట్టు కొమ్మ చీలిన చోట కర్ర పోగులు వంపు తిరిగినట్టు, భాగం ఎటు వంగితే చారలూ అటే వంగి ఉంటాయి. బలం ఆ పోగుల వెంట ఉంటుంది. పోత ముక్కలో ఈ చారలు ఉండవు. సూదిమొన ప్రమాణంలో గాలి బొక్కలు ఉండవచ్చు. చారలు ఎక్కడైనా తెగినా, సుడి తిరిగినా, అంచు దగ్గర పెద్ద పెద్ద రేణువులు పెరిగి ఉన్నా ఆ ముక్కతో పాటు దాని తోబుట్టువులన్నిటినీ అనుమానించాలి.

తక్కిన లోహాల్లో ఇత్తడి మంచి బిడ్డ, 700 డిగ్రీల దగ్గర చెప్పినట్టు వింటుంది. మెగ్నీషియానికి తొందర పనికిరాదు. టైటానియం అన్నిటికన్నా మొండిది. 900 డిగ్రీలు దాటిన వేడిలో అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసు పొర కట్టుకుంటుంది, ఆ పొరను చెక్కి పారేస్తే తప్ప వాడకూడదు.

టైటానియం పేరు ఎత్తాక 1989 జులై 19ని దాటిపోలేం. అమెరికాలోని సూ సిటీలో కూలిన డీసీ-10 విమానంలో 296 మంది ఉన్నారు, 112 మంది చనిపోయారు. తోక ఇంజిన్‌లోని ఫ్యాన్ చక్రం గాలిలోనే పగిలి, విమానాన్ని తిప్పే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ పనికిరాకుండా చేసింది. అది ఒత్తి తీసిన టైటానియం చక్రం. లోపం మాత్రం ప్రెస్సుది కాదు. లోహాన్ని కరిగించి దిమ్మె చేసినప్పుడే లోపల చేరిన ఒక గట్టి, పెళుసు మచ్చ దగ్గర పగులు మొదలై ఏళ్ల తరబడి పెరిగింది. అంతకు ఏడాది ముందు జరిగిన తనిఖీ దాన్ని పట్టుకోలేదు. చక్రం పుట్టుక వెతికిన దర్యాప్తుదారులకు ఒకే సంఖ్య రెండు చక్రాలకు ఉన్నట్టు రికార్డుల్లో కనిపించింది. దిమ్మెలో ఉన్న దోషాన్ని ఎన్ని వేల టన్నుల ఒత్తిడీ కడిగెయ్యదు, సాగదీసి మరో రూపంలో దాచిపెడుతుంది.

ఫోర్జింగ్ అయిపోయాక కూడా పని సగమే అయినట్టు. 6061 రకం అల్యూమినియం భాగాన్ని కొలిమిలో 530 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచి, కొలిమి తలుపు తెరిచిన కొద్ది సెకన్లలోనే నీళ్లలో ముంచి, ఆపై 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితేనే దానికి రావలసిన గట్టిదనం వస్తుంది. నీటి తొట్టికీ కొలిమికీ మధ్య ట్రాలీ చక్రం ఇరుక్కుంటే చాలు, ఆ రోజు బ్యాచ్ మెత్తబడుతుంది. షిఫ్టు చివర లెక్క తక్కువైనప్పుడు ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టే అధికారం కొలిమి దగ్గర నిలబడిన మనిషికి ఉందా? మీట నొక్కే పనివాడిగా మాత్రమే అతన్ని చూసే చోట ఉండదు. డైలకు పూసే గ్రాఫైట్ నుంచి లేచే పొగ, చెవులు దిమ్మెక్కించే చప్పుడు, గంటకు ఇన్ని ముక్కలన్న లక్ష్యం మధ్య నిలబడే ఆ మనిషికి 'ఆపు' అనే హక్కు రాతపూర్వకంగా ఉండాలి.

పత్రికలవాళ్లం, మా వృత్తి పేరు కూడా ప్రెస్సే. మా అచ్చులో తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేసుకుంటాం. ఆ ప్రెస్సుకు మర్నాడు ఉండదు.

కనుక మా డిమాండు సూటిగా ఉంది. ప్రాణాలు ఆధారపడే ఏ భాగం మీదైనా 'ఫోర్జ్డ్' అని చెక్కితే, ఆ మాట పక్కనే కరిగించిన బ్యాచ్ దాకా వెనక్కి నడిపించే సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య అడిగితే దిమ్మె వేడి, డై వేడి, నీళ్లలో పడేదాకా పట్టిన సెకన్లు ఒక్క కాగితం మీద చూపించాలి. ప్రమాణాల సంస్థలు దీన్ని విమానాలకే పరిమితం చేయకుండా రోడ్డు వాహనాల చక్రాలకు, సస్పెన్షన్ భాగాలకు వర్తింపజేయాలి. కొనేవారు టన్నుల అంకె చూసి ఆర్డరు ఇవ్వడం మాని, ప్రతి బ్యాచ్ నుంచి ఒక ముక్కను తమ ఎదుటే కోయించాలి. ఒక రంపం, ఒక కాస్టిక్ సోడా తొట్టి, కాసేపు ఆగే ఓపిక ఉంటే చారలు తేలతాయి.